గుమ్మం బయట విడిచిన కారణం

శ్రీరస్తు. సమస్త విఘ్నాలనూ తన పాదాల క్రింద అణచివేసేవాడూ, ఆ పాదాలకు ఏనాడూ దురద అన్నది ఎరుగనివాడూ అయిన గణనాథునికి నమస్కరించి, శ్రీ విశ్వావసు నామ సంవత్సర ఆశ్వయుజ బహుళ తదియ నాడు, తెనాలిలో మా వీధి అరుగు మీద కూర్చుండి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆ రోజుల్లో మనిషికి ఏ జబ్బు వచ్చినా దాని మూలాన్ని అతని విస్తరిలోనే వెదికేవారు. తలనొప్పికి పెరుగు, కీళ్ళనొప్పికి కందగడ్డ, పీడకలకు ముందునాడు తిన్న పనసతొన. నేను రేపల్లెలో ఒక పాఠశాలలో తెలుగు పండితునిగా చేరి, అమ్మతో అద్దె ఇంట్లో ఉంటున్న కాలంలో నా రెండు పాదాల మీదా ఎర్రని పొక్కులు లేచాయి. అవి రసి కారి, పెచ్చు కట్టి, మానినట్లే మాని, మళ్ళీ మొదటికి వచ్చేవి. అమ్మ మొదట వంకాయ మానిపించింది. తగ్గకపోయేసరికి గోంగూర, ఆ తరువాత మినపప్పు, ఆ తరువాత చింతపండు. ఆవకాయ దగ్గరకు వచ్చేసరికి మాత్రం నేను ఎదురు తిరిగాను. ఆ విధంగా ఒక్కొక్క రుచినే త్యజిస్తూ పోతే గృహస్థాశ్రమం చూడకుండానే సన్న్యాసినై ఉండేవాణ్ణి. నాలుకకు వైరాగ్యం వచ్చింది గాని పాదాలకు రాలేదు.

పగలు తరగతిలో పద్యం చదువుతూ బల్ల చాటున ఒక పాదంతో రెండవ పాదాన్ని రాచుకొనేవాణ్ణి. రాపిడి హెచ్చిన కొద్దీ గొంతు కూడా హెచ్చేది. (మా పండితుల వారికి కరుణరసం వస్తే ఒళ్ళు తెలియదని పిల్లలు ఇళ్ళలో చెప్పుకొనేవారట.) పడుకుంటే నిద్ర ఉండేది కాదు. రేపల్లెలో నాకు తెలిసిన వైద్యులందరూ నా పాదాలు చూచి, తలలు పంకించి, తలా ఒక లేపనం ఇచ్చారు. ఆకుపచ్చది, పసుపుపచ్చది, ఇంగువ కంటే ఘాటైనది. అన్నీ పూసుకున్నాను. ఆ వయసులో అంత అలసట ఉంటుందని ఎవరూ నమ్మరు గాని, ఒక దశలో నాకు జబ్బు తగ్గడం కంటే ఎవరూ సలహా చెప్పకుండా ఉండడమే మోక్షమనిపించింది.

అటువంటి సమయంలో బాపట్లలో ఉంటున్న మా అక్కగారి భర్త, అంటే మా బావగారు, నాకొక సంబంధం తెచ్చారు. పిల్ల కూడా బాపట్లే. చూడబోయిన నాడు పంచె అంచులు పాదాల మీదికి లాగి, పైన ఉత్తరీయం పరచి, వంచిన తల ఎత్తకుండా కూర్చున్నాను. నా వినయానికి పిల్ల తండ్రిగారు ముగ్ధులైనారు. జ్యేష్ఠంలో ముహూర్తం నిశ్చయమైంది. ఇంటికి వచ్చాక అమ్మ నా పాదాల వంక చాలాసేపు చూచింది.

“మామగారు కాళ్ళు కడుగుతారు గదరా, పళ్ళెంలో పెట్టి” అన్నది.

అప్పటిదాకా ఆ సంగతి నాకు తోచలేదు. కన్యాదానం చేసే పెద్దమనిషి సకల బంధువుల ఎదుట వరుని పాదాలు పళ్ళెంలో ఉంచి కడుగుతాడు. ఆ పాదాలు ఈ స్థితిలో ఉంటే చూచినవారు దురద అనుకోరు. పెద్దరోగం, కుష్ఠు అంటారు. ఆ రోజుల్లో ఆ మాట ఒక నోటి నుంచి జారితే చాలు, పీటల మీది పెళ్ళి ఆగిపోయేది. ఆపైన ఆ ఇంటికి పిల్లనిచ్చేవారు ఉండేవారు కారు. సంగతి బావగారికి కూడా తెలియకూడదని అమ్మ నా చేత ఒట్టు వేయించుకొని, తెనాలిలో మద్రాసు చదువు చదివిన చర్మవైద్యుడొకాయన ఉన్నాడని ఎవరి ద్వారానో విని, మరునాడే నన్ను రైలెక్కించింది.

ఆ వైద్యుడు నా ఈడువాడే. చూపు మాత్రం నూరేళ్ళవానిది. పాదాలను తిప్పి తిప్పి చూచి, ఇది తినేదాని వల్ల వచ్చింది కాదు, తగిలేదాని వల్ల వచ్చింది అన్నాడు. (నాకు మొదట తలపునకు వచ్చింది వంకాయ.) తరువాత, తోలు చెప్పులు తొడుగుతారా అని అడిగాడు. నేను కొంత గర్వంగానే జవాబు చెప్పాను.

“మా ఇంటా వంటా తోలు ముట్టమండి.”

ఆయన నా జంధ్యం చూచి, పిలక చూచి, వట్టి పాదాలు చూచి, తృప్తిగా తల ఊపాడు. పాదాలకు తగిలే వస్తువులన్నీ కొద్దికొద్దిగా తెచ్చుకొమ్మన్నాడు. వాటిని గుడ్డముక్కల మీద ఉంచి వీపున అంటిస్తే, పడనిది ఏదో ఆ చోట పొక్కి తానే చెబుతుందట. అమ్మ ఎంతో శ్రద్ధగా పొట్లాలు కట్టింది. పసుపు, ఆముదం, కుంకుడుపొడి, బట్టల సబ్బు, మా పెరటి మట్టి, పూసుకున్న లేపనాలన్నీ. ఒక పొట్లం విప్పి వైద్యుడు వాసన చూచి ఆగిపోయాడు.

“ఏంటండీ ఇది, ఆవకాయా? కాళ్ళకెందుకు తగిలింది?”

“మా అమ్మగారికి దాని మీద అనుమానమండి.”

ఆయన దాన్ని ప్రక్కన పెట్టి, తక్కినవాటిని నా వీపు మీద వరుసలు తీర్చి ప్లాస్టర్లు వేశాడు. రెండు రోజులు వీపు తడవకూడదు అన్నాడు. అంటే స్నానం లేదు. స్నానం లేకుంటే సంధ్య లేదు, వంటింటి గడప దాటడం లేదు. అమ్మ నా విస్తరి వసారాలో వేసి దూరం నుంచి వడ్డించింది. జ్యేష్ఠం ఇంకా రాకముందే రేపల్లె ఎండ నిప్పులు చెరుగుతున్నది. వీపు మీద కిరాణా కొట్టును మోస్తూ, నా వాసన నాకే దుర్భరమై, గోడకు చేరబడే వీలు కూడా లేక రెండు రోజులూ కూర్చున్నాను.

మూడవనాడు తెనాలి వెళ్ళగా, వైద్యుడు ప్లాస్టర్లన్నీ విప్పి, కిటికీ వెలుగులో వీపును పరికించి నిట్టూర్చాడు. ఒక్క పొక్కు లేదు. చర్మం పసిపాపదిలా ఉన్నదట. జీవితంలో నా దేహాన్ని ఎవరైనా మెచ్చుకొన్నది అప్పుడే, అది విని ఏడుపు వచ్చింది. ముహూర్తం ఇక నెలలోపలికి వచ్చింది. ఇంకేం చేయను అని అడిగాను. ఆలోచిస్తానన్నాడు. భోజనం వేళ కావడంతో ఇద్దరమూ కలిసే బయటకు వచ్చాము. నేను మెట్ల దగ్గర విడిచిన చెప్పులలో కాళ్ళు పెట్టాను.

“మాస్టారూ, ఆ చెప్పులెవరివి?”

“నావేనండి.”

“చెప్పులు తొడగనన్నారుగా.”

“తోలువి తొడగనన్నానండి. ఇవి రబ్బరువి.”

వైద్యుడు ఎండలో మెట్టు మీద అట్లాగే కూర్చుండిపోయాడు. నన్ను కదలవద్దన్నాడు. నీలిరంగు పట్టీ బొటనవేలి సందు నుంచి రెండు పాయలుగా చీలి పాదం మీదుగా పోతున్నది. దాని క్రింద నా పుండు కూడా అదే సందు నుంచి అదే రెండు పాయలుగా చీలి పోతున్నది. అచ్చు పెట్టి గీచినట్లు ఒకదాని మీద ఒకటి సరిపోయాయి.

“ఇన్నాళ్ళూ జబ్బుని లోపలికి తెచ్చి చూపించారు. కారణాన్ని బయట విడిచి వచ్చారు” అన్నాడాయన, కోపం కూడా లేని గొంతుతో.

ఇందులో నా తప్పేమిటో నాకు ఈనాటికీ తెలియదు. మద్రాసు నుంచి హవాయి చెప్పులు తెచ్చి ఇచ్చింది మా బావగారు. తోలు కాదు గనుక మైల లేదనీ, కడిగితే శుద్ధి అవుతాయనీ అమ్మ వాటిని పెరట్లోకి కూడా రానిచ్చింది. తోలు చెప్పులకైతే వీధి గుమ్మమే హద్దు. అందుచేత ఊళ్ళో అందరి కంటే ఎక్కువసేపు చెప్పులు తొడిగిన ఆచారపరుణ్ణి నేనే. కాని వైద్యుని గడప తొక్కేటప్పుడు ఎవరు మాత్రం చెప్పులు విడవరు? నా పాదాలను అంతమంది వైద్యులు చూచారు, నా చెప్పులను వారి వాకిళ్ళు చూచాయి. రెండింటినీ కలిపి చూచినవారు లేరు.

చెప్పు అంచు నుంచి చిన్న ముక్క కోసి మళ్ళీ వీపున అంటించారు. మళ్ళీ వసారా, మళ్ళీ దూరపు వడ్డన. ఈసారి ప్లాస్టరు విప్పేసరికి ఆ చోట ఎర్రగా పొంగి పొక్కులు లేచాయి. ఇక రబ్బరు ముట్టవద్దు, తోలు చెప్పులు కొనుక్కోండి అన్నాడు. ఈ మాట విని అమ్మ ఆ పూట భోజనం మానేసింది. మరునాడు ప్రొద్దున మజ్జిగ చిలుకుతూ, నా వైపు చూడకుండా, “గేటు అవతల విడువు. నా కంటపడనీకు” అన్నది. వంకాయను తిరిగి ఇంట్లోకి రానిచ్చిందీ ఆ పూటే. ముహూర్తం నాటికి పొక్కులు పోయి, రెండు పాయల నల్లని మచ్చ మాత్రం మిగిలింది.

బాపట్లలో స్నాతకం ముగిసింది. పెళ్ళికొడుకు కాశీకి పోతానని బయలుదేరడం, బావమరిది గొడుగు పట్టి, చెప్పులు తొడిగి, బ్రతిమాలి వెనుకకు తీసుకురావడం ఆనవాయితీ గదా. మా బావమరిది పొట్లం విప్పి, మోకాళ్ళ మీద కూర్చుండి, ఎంతో ఆప్యాయంగా నా ముఖంలోకి చూశాడు.

“మీ ఇంట్లో తోలు ముట్టరని మీ బావగారు చెప్పారండి, బావగారూ. అందుకే మద్రాసు నుంచి తెప్పించాం.”

నీలిరంగు పట్టీలు. కొత్త రబ్బరు వాసన. ప్రక్కన మా బావగారు తన ముందుచూపునకు తానే మురిసిపోతూ నిలబడి ఉన్నారు. వెనుక అమ్మ కళ్ళు మూసుకొన్నది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి, చెబితే దాచినదంతా బయటపడుతుంది. నిజంగానే కాశీకి వెళ్ళిపోతే ఎట్లా ఉంటుందని ఒక్క క్షణం అనిపించింది. తొడుక్కున్నాను. వీధి చివరి దాకా నడిచి, పిలిపించుకొని, మామూలు వరుల కంటే చాలా వేగంగా తిరిగి వచ్చాను. పెళ్ళికొడుక్కి తొందర ఎక్కువని ఆడవాళ్ళు నవ్వారు. ఆ తరువాత పీటల మీద మామగారు నా పాదాలు పళ్ళెంలో ఉంచి చల్లని నీళ్ళు పోసి కడిగారు. మచ్చ మీద ఆయన వ్రేళ్ళు ఒకసారి ఆగాయి. ఇంకొక చెంబు నీళ్ళు ఎక్కువ పోశారు. నా జన్మలో అంత హాయి ఎరుగను.

ఇప్పుడు మందు పూసే పనీ, దాచే పనీ లేవు. ఎవరి గుమ్మంలోనైనా చెప్పులు విడిచేటప్పుడు మాత్రం ఒకసారి వంగి వాటి వంక చూస్తాను. గోడకు వీపు ఆనించలేక నిటారుగా కూర్చున్న ఆ పిలక పండితుడు గుర్తుకు వస్తాడు. నయం, ఆవకాయనైనా వదులుకోలేదు.

మా వివాహం సాధారణ నామ సంవత్సర జ్యేష్ఠ శుద్ధ దశమి నాడు బాపట్లలో జరిగింది. కాశీయాత్రకు తొడిగించిన ఆ చెప్పులను మా ఆవిడ అరిగిపోయే దాకా తొడిగింది. ఆమెకు ఏమీ కాలేదు.