తట్టడం నేర్చిన చెయ్యి

కొండన్న నూట పదిహేను కిలోల మనిషి, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో హెవీవెయిట్. పొద్దున్నే జిమ్ముకొచ్చి, మ్యాట్ తనే తుడిచి, వంకరగా అతుక్కున్న కుడి మోచేతికి పట్టీ చుట్టుకుంటాడు. రెండేళ్ల కిందట పోటీలో అవతలివాడు ఆ చెయ్యి మెలిపెడితే, మ్యాట్ తట్టి ఓటమి ఒప్పుకోవడం నామోషీ అనుకున్నాడు; ఎముక ఫెళ్లుమంది. అప్పట్నుంచీ పోటీ పేరెత్తితే చాలు, కోచ్ ‘ఇంకా కాదు’ అంటూనే ఉన్నాడు. ఇవాళ ప్రాక్టీసులో, అతనిలో సగం లేని చెల్లెలు అదే చెయ్యి దొరకబుచ్చుకుని వంచింది. జిమ్మంతా చూస్తుండగా కొండన్న మ్యాట్‌ని రెండుసార్లు తట్టాడు.

“నొప్పెట్టిందా అన్నయ్యా?”

“ఇంకా లేదే. అందుకే తట్టా. మళ్లీ పట్టు.”

కోచ్ లేచి, గోడమీది పోటీల పట్టికలో అతని పేరు రాశాడు. కొండన్న, పొంగిన ఛాతీ ఎవరికీ కనపడకుండా వంగి, తుడిచిన చోటే తుడుస్తున్నాడు.