వదిన పుస్తకంలో అక్క సంతకాలు

మొన్న హైదర్‌గూడలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర నా పక్క కుర్చీలో మా వదిన కూర్చుంది. బగారా అన్నం ఇంకా వడ్డించనేలేదు, ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ఆమె ముందు వినయంగా నిలబడ్డారు. వాళ్ల కాలనీలో కొత్తగా యువజన సంఘం పెట్టుకున్నారట. "మేడం, మీరు జర ఒకసారి వచ్చి ఎట్ల నడపాలెనో మాకు చెప్పాలె" అన్నారు. నా వైపు ఒక్కడూ చూడలేదు. నేనూ ఒకప్పుడు సంఘం నడిపినదాన్నే. కార్యదర్శిని కూడా. లెటర్‌హెడ్ మీద నా పేరు నీలిరంగులో అచ్చయి ఉండేది. ఆ సంగతి పాపం ఆ పిల్లలకెలా తెలుస్తుంది? అయినా వడ్డించిన అన్నం నాకు సహించలేదు. యాభై దాటితే చత్వారం వస్తుంది, బీపీ వస్తుంది, అసూయ మాత్రం ఎక్కడికీ పోదు.

మా వదిన నా మేనత్త కూతురు. నాకన్నా ఆరు నెలల ముందు పుట్టింది. ఆ ఆరు నెలలకే ఆమె వదిన అయి కూర్చుంది, నేను జీవితమంతా చిన్నదాన్నయ్యాను. నాకు ఆమె మీద ఉన్న కడుపుమంటకు అదే మొదటి కారణం అనుకుంటాను. తర్వాత చాలా కారణాలు దొరికాయి. ఆమె జడ, ఆమె డిగ్రీ మార్కులు, ఆమె వండితే పప్పు కూడా బాగుందని మా నాన్న అనడం. తొంభైల నడుమ మేమిద్దరం డిగ్రీ ముగించి, ఉద్యోగాలకు దరఖాస్తులు పంపుతూ ఇళ్లలో ఉన్నాం. మాది చిక్కడపల్లి, వాళ్లది అశోక్ నగర్. నేను మా మేడ మీది గదిలో ఐదుగురు స్నేహితురాళ్లను పోగేసి యువతీ సంఘం పెట్టాను. పాత వారపత్రికలు, నవలలు సంచుల్లో వేసుకుని ఇంటింటికీ తిప్పే లైబ్రరీ మా పని. ముసలివాళ్లు మా కోసం గేటు దగ్గర ఎదురుచూసేవారు. నెల తిరగకుండానే వదిన కూడా సంఘం పెట్టింది. నన్ను చూసే పెట్టిందని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. వాళ్ల వీధి చివర పెద్ద అపార్ట్‌మెంట్ ఒకటి లేస్తోంది. పాలమూరు నుంచి వచ్చిన కూలీల పిల్లలు పొద్దంతా ఇసుక కుప్పల మీదే ఉండేవారు. రోజూ సాయంత్రం అక్కడి రేకుల షెడ్డులో వాళ్లకు చదువు చెప్పడం వదిన సంఘం పని.

మా లాంటి చిన్న చిన్న సంఘాలన్నీ కలిసి ఏర్పాటు చేసుకున్న సమాఖ్య ఒకటి నారాయణగూడలో ఉండేది. ఒక కాగితాల దుకాణం పైన రెండు గదులు. బీరువాలో మైకు, జంపఖానాలు, ప్రథమ చికిత్స పెట్టె, గోడకు ఆనించి ఒక నల్లబల్ల. ఏ సంఘానికి ఏది కావాలంటే అది అడిగి తీసుకుపోవచ్చు. రిజిస్ట్రేషన్‌కు ఏ కాగితాలు పెట్టాలి, మీటింగులో మాట్లాడింది ఎలా రాసిపెట్టాలి, సభ్యులు కొట్లాడుకుంటే ఎవరితో ముందు మాట్లాడాలి, ఇవన్నీ వాళ్లే నేర్పేవారు. సమాఖ్యకు పెద్ద ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు. మేమంతా పెద్దసారు అనేవాళ్లం. సంఘాల చుట్టూ తిరగడానికి ఒక అక్క ఉండేది. నల్లకుంటలో ఉండేది, మోపెడ్ మీద వచ్చేది, ఎండకు తలమీద కొంగు కప్పుకుని దాని కొస పళ్లతో పట్టుకునేది. ప్రతి సంఘం ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. అక్క వచ్చినప్పుడల్లా అందులో తారీఖు వేసి సంతకం చేస్తుంది. నెలలో మొదటి ఆదివారం సమాఖ్య మీటింగుకు అందరం ఆ పుస్తకాలు పట్టుకుని వెళ్లేవాళ్లం.

నా ప్రాణం తీసినవి ఆ పుస్తకాలే. మీటింగు మొదలయ్యే ముందు, ఏదో మాట్లాడుతున్నట్టు నటిస్తూ వదిన పుస్తకం తిరగేసేదాన్ని. నా దాంట్లో నెలకు ఒక్క సంతకం. ఆమె దాంట్లో వారానికి మూడు. పేజీలకు పేజీలు నిండిపోయి ఉండేవి. పైగా నల్లబల్ల కూడా అశోక్ నగర్‌కే పోయింది. నాకు నల్లబల్లతో ఏం పని అని ఎవరైనా అడిగి ఉంటే జవాబు లేదు. అయినా అది నాకు కావాలి. ఇంట్లో మా అమ్మ ఇంకాస్త ఎగదోసేది. "దానికేమున్నది నీకు లేనిది? నువ్వే అక్కకు మంచిగ మర్యాద చేస్తలేవేమో" అంది. అది నిజమేనేమో అనిపించి, ఆ నెల అక్క వచ్చే రోజుకు సర్వపిండి చేశాను. కొత్త బెడ్‌షీటు పరిచాను. మీటింగు పుస్తకానికి అట్ట వేశాను. అక్క రెండు ముక్కలు తిని, పుస్తకం చూసి, మంచినీళ్లు తాగి లేచింది. జర కూర్చోమంటే నవ్వింది. "అన్నీ మంచిగున్నయి మీకాడ. నేను కూసొని ఏం జెయ్యాలె?" అంది. ఆ మాటకు నాలుగు రోజులు నిద్ర లేదు. మెచ్చుకుందని కాక, తప్పించుకుందని అనుకున్నాను.

ఆ తర్వాతి మీటింగులో లేచి నిలబడ్డాను. ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు చెప్పి చూసుకున్న మాటలే. "సమాఖ్య అందరిది గద సార్. ఒక్క సంఘానికే వారంల మూడుసార్లు పోతే మిగిలినోళ్లం ఏం కావాలె? అందరికి సమానం చెయ్యుండ్రి." ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పనీ లేదు, అందరూ వదిన వైపే చూశారు. రక్తదాన శిబిరాలు పెట్టే హిమాయత్‌నగర్ కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. అంటే ఆ పుస్తకం తిరగేసింది నేనొక్కదాన్నే కాదన్నమాట. అక్క మెల్లగా, "అవసరం ఉన్నకాడికి పోతున్న సార్" అంది. "మాకు లేదా అవసరం?" అన్నాను నేను. మళ్లీ చప్పట్లు. పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సంఘాలే కలిసి పెట్టుకున్న సమాఖ్య ఇది, నలుగురూ ఏదంటే అదే అన్నారు. ప్రతి సంఘానికీ నెలకు రెండుసార్లు, ఎవరికీ ఎక్కువ లేదు, ఎవరికీ తక్కువ లేదు, ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి అన్నారు. నేను చెయ్యెత్తి వదిన వైపు చూశాను. ఆమె నన్ను కాసేపు చూసింది. చూసి, తనూ చెయ్యెత్తింది. ఆ క్షణంలో కూడా నాకు కోపమే వచ్చింది, ఓడిపోతూ కూడా అంత నిమ్మళంగా ఎలా ఉందా అని.

తర్వాత రెండు నెలలు అక్క లెక్క తప్పకుండా మా ఇంటికి వచ్చింది. సంతకాలు మా అమ్మకు చూపించి మురిసిపోయాను. మూడో నెలలో ఒక సాయంత్రం ఆటోలో నల్లబల్ల వేసుకుని వచ్చింది. ఆటో డ్రైవరు, అక్క కలిసి దాన్ని మెట్లెక్కించారు. "ఇగ మీకాడ్నే ఉంచుకోండ్రి. అశోక్ నగర్ బడి బందైంది" అంది. ఎందుకని అడిగాను. అక్క దాపరికం లేకుండా చెప్పింది. వదిన సంఘంలో మిగిలిన ఇద్దరికీ మొదట్లోనే ఉద్యోగాలు దొరికి వెళ్లిపోయారట. ముప్పై మంది పిల్లలు, వదిన ఒక్కతి. అందుకే అక్క వారానికి మూడు సాయంత్రాలు వెళ్లి చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేది, ఆ మూడు రోజులూ వదిన పెద్దపిల్లలకు లెక్కలు చెప్పేది. తమ్ముళ్లను ఎత్తుకుని తిరిగే ఆడపిల్లలను వాళ్ల తల్లులతో మాట్లాడి బడికి పిలుచుకొచ్చేది కూడా అక్కే. నేను అడిగిన సమానం వచ్చాక ఆ తల్లుల దగ్గరకు వెళ్లేవాళ్లు లేరు. వదిన అన్నీ తానే చేసుకుంటూ ఉండగా పచ్చకామెర్లు వచ్చాయి. పది రోజులు షెడ్డు ఖాళీగా ఉండేసరికి మేస్త్రి అందులో సిమెంటు బస్తాలు వేయించాడు. పిల్లలు మళ్లీ ఇసుక దగ్గరకు, కాస్త పెద్దవాళ్లు ఇటుకలు మోయడానికి పోయారు. డాక్టరు ఎవరింటికి ఎక్కువసార్లు వస్తే వాళ్లే గొప్పవాళ్లని కుళ్లుకునే తెలివి నాది. అక్క నా పుస్తకం అడిగి తీసుకుని, తారీఖు వేసి, సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. వదిన మంచం మీద కూర్చుని మజ్జిగన్నం తింటోంది. కళ్లు పచ్చగా ఉన్నాయి, జడ సగమైంది. నేను ఏడ్చాను. ఏడుస్తూ కూడా తప్పు ఆమె మీదికే నెట్టాను. "ఒక్కదానివే పడుతున్నవని మీటింగుల చెప్పొద్దా వదినె? నేను నోరు మూసుకుంటుంటి గద" అన్నాను. వదిన ముద్ద మింగి, నీళ్లు తాగి, కోపం లేకుండా చెప్పింది. "చెప్పేటిదేమున్నదే. చిక్కడపల్లికి, ఈడికి పది నిమిషాల నడక. అక్క ఎన్నిసార్లు వచ్చిందో ఎంచినవు. నువ్వు ఒక్కనాడన్న వస్తే నీకే కనపడుతుండె."

నా స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని మేస్త్రి దగ్గరకు వెళ్లాను. బతిమాలితే షెడ్డులో సగం ఖాళీ చేయించాడు. నల్లబల్ల మళ్లీ ఆటో ఎక్కింది. ఆరుగురం టీచర్లం, తొమ్మిది మంది పిల్లలు. రెండు వారాలు నడిచింది. ఈలోగా పైస్లాబు పని అయిపోయింది. కూలీలు సామాను మూటలు కట్టుకుని ఎక్కడో కొత్త పని దగ్గరకు లారీలో వెళ్లిపోయారు. ఎక్కడికని మేస్త్రికి కూడా సరిగా తెలియదు. వదిన కోలుకుని ఇంకోచోట ఇంకో బడి పెట్టింది, ఆ తర్వాత ఇంకొకటి. నేను ఆ రోజు మీటింగులో లేచి చెయ్యెత్తిన సంగతి మాత్రం వదిన ఇన్నేళ్లలో ఎవరి దగ్గరా ఎత్తలేదు, మా అమ్మ దగ్గర కూడా. ఆమె స్థానంలో నేనుంటే చుట్టాలందరికీ చెప్పి ఉండేదాన్ని. అందుకూ నాకు ఆమె మీద అసూయే. ఆ పది నిమిషాలు నడవడానికి నేను మూడు నెలలు ఆలస్యం చేశాను. ముప్పై ఏళ్లు ఇట్టే గడిచిపోయాయి గానీ, ఆ మూడు నెలలు మాత్రం ఇంకా గడవడం లేదు.