మళ్లీ అక్కడికే

మా ఊరు జలాశయంలో మునిగాక పులివెందుల దగ్గర చేను కొన్నాను. తొలిసారి నాటిన చీనీ (బత్తాయి) మొక్కలన్నీ ఎండిపోయాయి. ఇక చేను అమ్మేద్దామని జమ్మలమడుగులో పులివెందుల బస్సెక్కాను. లైబ్రరీ పుస్తకం లేకుండా నేను బస్సెక్కను.

పక్కన కూర్చున్న పెద్దామె అడిగింది. "ఏం సదువుతాండావప్పా?"

"సముద్రపు పక్షుల గురించిమ్మా. పాత దిబ్బలు నీళ్లలో మునిగితే వేరే తీరాలకు పోయి గుడ్లు పెడతాండాయంట."

"కొత్త తావున తొలిసారి పెట్టినవి బతికినాయా?"

పేజీ తిప్పి చూశాను. "శానా చెడిపోయినాయంట. అయినా మరుసటేడు మళ్లా ఆడికే వచ్చినాయంట."

తర్వాత నా చేను సంగతి చెప్పాను. ఆమె నవ్వింది.

"ఇంత సదివి, అమ్ముతానంటావేందప్పా?"

అమ్మలేదు. మళ్లీ నాటాను. ఈ ఏడు తొలి కాపు దిగింది. ఆమెకు నాలుగు చీనీకాయలు ఇద్దామంటే, ఆ రోజు ఊరైనా అడగలేదు.