అడుగు అరగని ఉంగరం

మా ఆయన పోయాక మధ్యాహ్నం మూడింటికి ఒక్క కప్పు టీయే పెడుతున్నాను. నీళ్లు మాత్రం చెయ్యి అలవాటుకొద్దీ రెండు కప్పులకి పోస్తుంది. సగం పారబోస్తాను.

ఆ వేళకి ఆయన భూతద్దం పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చునేవారు. అచ్చాఫీసులో రిటైరయ్యాక పట్టిన పిచ్చి అది. పాత సైనికుల ఉంగరాలూ, టోపీ బిళ్లలూ ఆన్‌లైన్ వేలంలో కొనేవారు. వాటిని నన్ను తోమనిచ్చేవారు కాదు. "ఆ నలుపే దాని వయసు. నువ్వు తోమావంటే నిన్న పుట్టినట్టుంటుంది" అనేవారు. గిన్నె అడుగున మసి కనిపిస్తే తోమందే తోచని మనిషిని నేను. అయినా ఊరుకున్నాను.

చివరిగా వేలంలో పాట పాడింది ఒక వెండి ఉంగరానికి. మీద గద్ద, దాని కింద ఏదో దళం నంబరు. ఎవరో ఎదుటి మనిషి వదలకుండా ధర పెంచుతూనే ఉన్నాడు.

"ఇక ఆపండి" అన్నాను.

"పిచ్చిదానా, సరుకు తెలిసినవాడు కాకపోతే అంత పాడతాడా? అసలుదే ఇది!"

పంతం కొద్దీ ఆరు నెలల పింఛను దాని మీద పోసేశారు. ఆయన పోయిన మూడో వారం పార్సిల్ వచ్చింది. సంతకం నేను పెట్టాను.

నిన్న మా ఆడపడుచు వచ్చింది, అన్నీ తిరిగి వేలంలో పెట్టేద్దామని.

"అమ్మినవాళ్లు రాసినట్టే మనమూ రాద్దాం వదినా. యుద్ధంలో సైనికుడు పెట్టుకున్న ఉంగరం అని."

"నిజంగా పెట్టుకున్నాడంటావా?"

"పెట్టుకుంటే ఏంటి, లేకపోతే ఏంటి? మా అన్నయ్యకి టోపీ పెట్టినవాడు హాయిగానే ఉన్నాడుగా!"

నాకు మనసొప్పలేదు. అసలు ఏ వేలైనా దాన్ని మోసిందా? ఆయన అంతగా నమ్మింది నిజమో కాదో తేలకుండా ఆ మాట నా చేత్తో ఎలా రాయను?

ఇవాళ పొద్దున్నే ఉంగరాన్ని వీధి చివర నగలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. పెద్దాయన భూతద్దం కూడా తీయలేదు.

"మీ వేలి ఉంగరం ఇటివ్వండమ్మా."

"అది రాదు బాబాయ్‌గారూ. సబ్బు రాయాలి."

"రాయండి మరి" అని నీళ్ల చెంబు నా ముందుకు తోశారు.

రెండూ పక్కపక్కన పెట్టి వేలితో తడిమి చూడమన్నారు. నాది అడుగున కాగితంలా అరిగిపోయింది. అంట్లు, బకెట్ పిడి, తలుపు గొళ్లెం, ఏది పట్టుకున్నా తగిలేది అరచేతి వైపే కదా. సైనికుడి ఉంగరానికి అడుగు దిట్టంగా ఉంది. పైన గద్ద రెక్కలు మాత్రం నున్నగా అరిగి ఉన్నాయి.

"తుపాకీ పట్టే చేతికి అడుగు అరగదా?" అన్నాను.

పెద్దాయన నవ్వారు. "ఎందుకరగదు? ఇది ఆకురాయితో పైపైన గీకిందమ్మా. ఫొటోలో కనిపించేది పైవైపేగా."

"మరి నలుపో?"

"మందు పూశారు."

దారిలో ఏడుపు రాలేదు. వేలంలో ధర పెంచిన ఆ ఎదుటి మనిషి గురించే ఆలోచన. అతనూ మా ఆయన్ని చూసే, 'ఈయన తెలిసినవాడు' అనుకుని పెంచుంటాడా? ఈత రాని ఇద్దరు ఒకరి భుజం ఒకరు పట్టుకున్నట్టు! ఎక్కడున్నాడో, ఉంగరం చెయ్యిజారిందని ఇంకా బాధపడుతున్నాడేమో. నాయనా, బతికిపోయావు అని చెప్పాలనిపించింది.

ఆడపడుచుకి ఫోన్ చేశాను. "సైనికుడి మాట వద్దమ్మా. వెండి ఉంగరం అని రాయి, చాలు."

"సరే, అయితే తోమన్నా తోము వదినా. మెరిస్తే ఎవరైనా చూస్తారు."

సింకు పక్కన పొడి, గుడ్డ పెట్టుకున్నాను. ఇక వద్దనేవాళ్లు లేరు. కాపాడాల్సిన వయసూ దానికి లేదు. రెండు నిమిషాల పని. కానీ ఆయన దీన్ని ఒక్కసారైనా ముట్టుకోలేదు. చూసింది ఫొటోలోనే, ఇలా నల్లగా.

పొడి డబ్బాకి మూత పెట్టేశాను.