కావడి డ్యూటీ

ఉదయం ఆరుంబావుకు తిరువళ్ళూరు స్టేషన్లో దిగాను. జూన్ నెల, అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. నల్ల ట్రంకుపెట్టె, హోల్డాల్, భుజాన నీళ్ల సీసా. మంచుకొండల మీద రెండేళ్లు వైర్లెస్ సెట్టు ముందు కూర్చుని వచ్చిన హవల్దారును. ఇక్కడ నా పని కాలేజీ కుర్రాళ్లకు కవాతు, వైర్లెస్ నేర్పడం. ఆర్డరు రెండేళ్లకు. డెబ్బైల చివరి మాట ఇది.

శత్రువు లేని పోస్టింగ్. మా ఊరు ఆరంబాక్కం ఒక పూట ప్రయాణం. నా భార్య రాజమ్మ, పాప ముందే వచ్చి అద్దె ఇల్లు సర్దారు. చూడవచ్చిన బంధువులందరిదీ ఒకటే పాట.

"అదృష్టమంటే నీదేరా అబ్బయ్యా. ఇంటికాడికే వచ్చినావు. ఇంకేం కావాల నీకు?"

నాకేం కావాలో నాకే తెలియదు. అక్కడే వచ్చింది చిక్కు.

సైనికుడి కష్టమంటే మీరు తుపాకులు, నెత్తురు అనుకుంటారు. నా ఒంటి మీద గీత కూడా పడలేదు. ఏడుపు లేదు, జ్వరం లేదు. ఐదింటికి లేచేవాణ్ణి. గడ్డం గీసుకునేవాణ్ణి. బూట్లు తళతళలాడించేవాణ్ణి. అన్నీ సక్రమమే, దేనిమీదా మనసు లేదు. రాజమ్మ రొయ్యల కూర చేస్తే ఉప్పూ కారం తెలిసేవి, ఇష్టం తెలిసేది కాదు. పాప నవ్వితే నేనూ పెదవులు సాగదీసేవాణ్ణి. కొండల మీద మొదలైన దిగులు మూడో ఏట పడింది. మిలిటరీ డాక్టరు గుండె విని, నాలుక చూసి, ఫిట్ అని రాసి, బలానికి మాత్రలిచ్చాడు. సరే, నా స్వభావమే ఇంత కాబోలు అనుకున్నాను. వయసు పైబడితే అందరికీ ఇంతేనని కూడా సర్దిచెప్పుకున్నాను. అప్పటికి నాకు ముప్పైనాలుగు!

మరుసటి ఏడు ఒక ఆపరేటర్ వచ్చాడు. నాయక్ ర్యాంకు, నాకంటే ఒక మెట్టు కింద. దగ్గర్లోనే కనకమ్మ సత్రం అనే ఊరివాడు. అతనూ మంచులో పనిచేసినవాడే. తిరుత్తణి కొండ దిగువన కుర్రాళ్లకు క్యాంపు వేశాం. మా ఇద్దరికీ ఒకే గుడారం. రెండో రోజు ఉదయం నేను బూట్లు తొడుక్కోబోతుంటే అతను ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"కాలు చూపించన్నా," అన్నాడు.

మంచు పోస్టుల్లో అదొక పద్ధతి. రోజూ పొద్దున జోడీలుగా కూర్చుని ఒకరి కాలివేళ్లు ఒకరు చూడాలి. చలికి చచ్చుబడిన వేలికి నొప్పి ఉండదు. అందుకని ఆ సంగతి సొంతదారుకే చివర తెలుస్తుంది. పక్కవాడే రంగు చూసి చెప్పాలి.

"ఇది తిరుత్తణి రా. మంచు యాడుండాదిక్కడ?" అన్నాను.

"కాళ్లకు లేదులేన్నా, నీ మొగానికుండాది. నిన్నంతా చూసినా. కుర్రోళ్లు పడీపడీ నవ్వతావుంటే నువ్వు గడియారం చూసుకుంటావుండావు."

ఒళ్లు మండింది. "నీ పని నువ్వు చూసుకో," అన్నాను.

"ఇదీ నా పనే కదన్నా. నాకూ ఇట్లే ఉండె. నా జోడీ చూసి చెప్పినాడు. చెప్పకపోయుంటే నాకు తెలిసేదే కాదు."

'నాకూ' అన్న ఆ ఒక్క మాటకు తొడుక్కోబోయిన బూటు పక్కన పెట్టేశాను. మూడేళ్లలో ఆ మాట ఎవరూ అనలేదు. నాలాంటి వాడు ఇంకొకడున్నాడు, పైగా బాగానే తింటున్నాడు, పాడుతున్నాడు!

మర్నాటి నుంచి ఉదయం ఆరింటికి సెట్లు పరీక్షించేటప్పుడే నా తనిఖీ కూడా. అబద్ధం చెప్పకూడదని ఒప్పందం.

"ఎట్లుండావన్నా? ఓవర్."

"బరువుగుండాది. ఓవర్."

"సరి. నలుగురితో కూర్చోని తిను. సాయంత్రం కొండ చుట్టూ నడువు. ఇష్టం పుట్టేదాకా కాచుకోవద్దు, ఆర్డరనుకో. ఓవర్."

నాయక్ హవల్దారుకు ఆర్డరివ్వడం! నాకు నవ్వొచ్చింది. సాగదీసిన నవ్వు కాదు, నిజమైనదే.

క్యాంపు ముగిశాక అతను మా ఇంటికొచ్చి ఆ డ్యూటీని రాజమ్మకు అప్పగించాడు. ఆమె మాకంటే కఠినం. పొద్దున్నే వాకిట్లో వెలుతురుకు నిలబెట్టి, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తేది.

"ఈ పొద్దు మబ్బుగుండాదే. సరి, సంచి ఎత్తుకో, కూరగాయలకు పోదాం."

కొన్నాళ్లు తేలిగ్గా ఉండేది, కొన్నాళ్లు మళ్లీ మొదటికొచ్చేది. ఇదంతా పిల్లలాటలా ఉందని విసుక్కున్నాను కూడా.

మొక్కుకున్నవాళ్లు కావళ్లు మోసుకుని కొండెక్కే పండుగ, ఆడి కృత్తిక వచ్చింది. తిరుత్తణిలో జనాన్ని వరుసగా కొండమీది గుడికి ఎక్కించడానికి మా కుర్రాళ్ల సాయమడిగారు. ఆపరేటర్ కొండపైన ఒక సెట్టుతో, నేను మెట్ల నడుమ ఇంకో సెట్టుతో. ఆ పొద్దున మంచం దిగడమే గగనమైంది. రాజమ్మ నా మొహం చూసింది. బెల్టు తెచ్చి చేతిలో పెట్టింది. వెళ్లాను.

పదకొండు గంటలు. గాలి లేదు. మెట్ల నిండా పసుపు బట్టలు, పూల కావళ్లు, అరోహరా కేకలు. ఒక పెద్దాయన కావడితో తూలుతూ వచ్చాడు. మోకాళ్లు వణుకుతున్నాయి, పెదవులు పాలిపోయాయి. నేను పరేడ్ గొంతుతో అరిచాను.

"కావడి కింద పెట్టు! కూర్చో!"

చుట్టూ జనం గిరుక్కున తిరిగి చూశారు. మొక్కు మోసేవాడితో అనకూడని మాట అది. ఆయన భార్య పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

"అయ్యయ్యో, దించకూడదు సామీ! అలిసిపోతే ఇంకొకరు భుజం పట్టాల, అంతే. మావాళ్లు కింద జనంలో చిక్కుకోనుండారు. మీరు పట్టండి."

బూట్లు విప్పాను. వీపున సెట్టు, భుజాన కావడి. రాయి చుర్రుమంది. పది వేళ్లకూ తెలిసింది! పెద్దాయన కర్ర మీద చెయ్యి తియ్యకుండా పక్కనే నడిచాడు. వెనక నుంచి జనం "అరోహరా" అన్నారు. ఎవరో బిగ్గరగా బదులిచ్చారు. ఆ గొంతు నాదేనని తర్వాత అర్థమైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆనందం పట్టలేకపోయాను.

సెట్టు గరగరలాడింది. "యాడుండావన్నా? ఎట్లుండావు? ఓవర్."

"కావడి మోసుకోని వస్తావుండా. బరువుగుండాది. బాగుండాది. ఓవర్."

అతను సెట్టు పగిలేలా అరిచాడు. "అదీ మా హవల్దారంటే! రోజర్!"

కొండపైకి చేరేసరికి పెద్దాయన తేరుకున్నాడు. కావడి తన భుజానికి మార్చుకుని లోపలికి వెళ్లి, తన మొక్కు తానే చెల్లించాడు. నా యూనిఫాం మీది చారలకు బంతిరేకులు అంటుకున్నాయి. ఆ సాయంత్రం రొయ్యల కూర మారు వడ్డించమని అడిగాను. రాజమ్మ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

రెండేళ్లు నిండాక అదే స్టేషన్లో రైలెక్కి రెజిమెంటుకు తిరిగి వెళ్లాను. ఇంకా కొంతకాలం సర్వీసు చేసి ఆరంబాక్కం చేరాను. దిగులు పూర్తిగా పోయిందని చెప్పను. తర్వాత మద్రాసులో ఒక డాక్టరు దానికి పేరు పెట్టాడు, మందిచ్చాడు. వేసుకున్నాను. అది ఇప్పటికీ వస్తూపోతూ ఉంటుంది. అయినా ఒక్క రోజు కూడా నా డ్యూటీ తప్పలేదు, గెలుపు నాదే.

ఆ పెద్దాయన పేరు అడగనేలేదు. ఆయన భార్య మాత్రం కళ్లలోంచి పోదు. ఆమె మాకు ముందు, మా వైపే తిరిగి వెనకడుగులు వేస్తూ మెట్లెక్కింది. కింద ఎక్కడ అడుగేస్తున్నదీ చూసుకోలేదు. ఒకసారి ఆయన మొహం, ఒకసారి నా మొహం, మళ్లీ ఆయన మొహం చూస్తూ కొండపై దాకా అట్లాగే ఎక్కింది.