దసరా బొట్టు కింద దాగిన చుక్క

ఇది ఎందుకు రాయాలంటే, నేను వెతికినప్పుడు తెలుగులో ఎక్కడా దొరకలేదు. పదో తరగతితో బడి మానేసినా కోరుట్ల గ్రంథాలయంలో పదహారేళ్లుగా చదువుతున్నాను. ఏ బీరువాలో ఏ పుస్తకం ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. పాత జపాన్ మోటార్‌సైకిల్ మరలు, అంటే స్క్రూలు, విప్పడానికి డ్రైవర్‌కు ఏ బిట్టు వాడాలో చెప్పే పేజీ మాత్రం మన భాషలో ఒక్కటీ కనబడలేదు. నాలాగా ఇంకొకరు మర తల పాడుచేసుకోకూడదని రాస్తున్నాను. ఇందులో ఉన్నవాళ్లు తమ పేర్లు వద్దన్నారు కాబట్టి వరసలతోనే చెబుతాను.

నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. బండి నా భర్తది. వంద సీసీ, టూ స్ట్రోక్, వయసు ముప్పై దాటింది. పెళ్లయిన ఏడాది, ఇబ్రహీంపట్నం దగ్గర మా అత్తగారి ఊళ్లో, పసుపు ఎత్తేశాక ఖాళీ అయిన కల్లంలో ఆయన నాకు దాన్ని నడపడం నేర్పాడు. ఆ తర్వాత గల్ఫ్ వెళ్లిపోయాడు. కొన్నాళ్లు నేనే నడిపాను. ఒకరోజు కిక్ రాడ్ కిందికి పోయింది, మళ్లీ పైకి రాలేదు. అప్పటినుంచి బండి పాత చీర కప్పుకుని వాకిట్లో ఉంది.

పోయిన ఏడాది సెలవు ఖాయమయ్యాక ఆయన ఫోన్‌లో అన్నాడు: "జగిత్యాలల ఒకాయన పాత బండ్లు కొంటుండట. నేనచ్చినంక ఇచ్చేస్త."

"నడిస్తే?"

"నడిస్తే ఉంచుకో. నడువకపోతే పోవుడే."

ఆయన రావడానికి ఇంకా ఆరు వారాలు ఉన్నాయి. నేను గ్రంథాలయానికి వెళ్లి బండ్ల రిపేరు గురించిన ఇంగ్లీషు పుస్తకం తీశాను. పక్కన నిఘంటువు పెట్టుకుని నాలుగు పొద్దులు చదివాను. కిక్ స్ప్రింగ్ ఇంజన్ కుడి పక్క మూత లోపల ఉంటుంది. ముందు ఆయిల్ తీసెయ్యాలి, తర్వాత మూత మరలు విప్పాలి. ప్లస్ గుర్తులా ఉండే స్టార్ గాడి మరలకు బిట్లు నంబర్ల వారీగా ఉంటాయని, చిన్న మరకు రెండో నంబరు, ఇలాంటి పెద్ద మరకు మూడో నంబరు పెట్టాలని తెలుసుకున్నాను. జగిత్యాల వెళ్లి హార్డ్‌వేర్ షాపులో మూడో నంబరు స్టార్ బిట్టు అడిగాను.

"స్టారంటే స్టారే చెల్లె. గండ్ల నంబర్లేంది?" అన్నాడు షాపాయన.

ఆయనకు నంబర్ల సంగతి విడమరచి చెప్పాను. ఆ రోజు బస్సులో చాలా సంతోషంగా తిరిగొచ్చాను.

మూతకు తొమ్మిది మరలు ఉన్నాయి. మొదటిదాని మీద బిట్టు పెట్టి గట్టిగా తిప్పాను. బిట్టు ఎగిరి బయటికొచ్చింది. మళ్లీ పెట్టాను, మళ్లీ ఎగిరింది. నాలుగోసారికి స్టార్ గాడి కాస్తా గుండ్రటి గుంత అయింది.

మా అత్త గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "ఏమే, పుస్తకంల గిట్లనే ఉన్నదా?" అంది.

మిగిలిన ఎనిమిదీ ఇలాగే అయితే మూత పగలగొట్టాల్సిందే. ఆ మూత ఇప్పుడు కొత్తది దొరకదు. బండి జగిత్యాల ఆయనకు విడి సామాన్ల కింద పోతుంది. చీర మళ్లీ కప్పేశాను.

ఆ వారమే సిరిసిల్ల నుంచి కుట్టు మిషన్ మెకానిక్ అన్న వచ్చాడు. నా మిషన్ సెకండ్‌హ్యాండ్‌ది, జపాన్‌ది. ఏటా రెండుసార్లు ఆయనే వచ్చి చూస్తాడు. ఆయన దాని వెనక మూత స్టార్ మరలు విప్పుతుంటే చూశాను. బిట్టు ఒక్కసారి కూడా జారలేదు. సంగతి చెప్పి ఆయనను వాకిట్లోకి తీసుకెళ్లాను. ఆయన గొంతుక్కూర్చుని మరలను గోటితో గీకాడు. గోరు పచ్చబడింది.

"ఏంది చెల్లె, మరలల్ల పసుపు పంట తీస్తున్నవా?"

అప్పుడు నాకు వెలిగింది. మా ఇంట్లో దసరాకు కత్తి, కత్తెర, మిషన్, బండి అన్నింటికీ పసుపూ కుంకుమా పెడతారు. కొడుకు గల్ఫ్ పోయినప్పటినుంచి మా అత్త బండికి ఒక్క బొట్టుతో ఆగడం లేదు, మర మరకూ పెడుతోంది.

"ఒక్కదానికి వెట్టి ఒక్కదానికి వెట్టకపోతే గది ఊకుంటదా?" అంది ఆమె.

"ఊకున్నది పెద్దమ్మా. ఇన్నేండ్ల సంది ఊకున్నది. గిప్పుడు కదులుమంటె కదుల్తలేదు," అన్నాడాయన. మా అత్త కూడా నవ్వింది.

ఏళ్ల పసుపు నూనెతో కలిసి గాడి అడుగున రాయిలా గట్టిపడింది. నేను దాన్ని పాత రంగు అనుకుని పైపైన గుడ్డతో తుడిచాను. నా మిషన్ సూదితోనే, కిరోసిన్ చుక్కలు వేస్తూ, ఇద్దరం ఒక్కో గాడీ తవ్వాం. మర తల శుభ్రమయ్యాక గాడి పక్కన ఆవగింజ కన్నా చిన్న చుక్క కనిపించింది.

"గీ చుక్క జపాన్ గుర్తు. అన్నింటికీ ఉండది గని, ఉంటె మాత్రం మన బజారు స్టార్ వెట్టద్దు," అన్నాడు.

తన బిట్టునూ నాదాన్నీ పక్కపక్కన పట్టి చూపించాడు. రెండూ మూడో నంబరే. నాదాని ముక్కు సన్నగా పొడుగ్గా ఉంది. జపాన్ గాడిలో అది ముందే అడుగుకు తగిలి ఆగిపోతుంది. రెక్కలు పూర్తిగా దిగవు, అందుకే తిప్పగానే ఎగురుతుంది. ఆయనదాని ముక్కు మొండిగా ఉంది, రెక్కలు గాడి గోడలను నిండుగా పట్టుకుంటాయి. బిట్టు పెట్టాక తిప్పకముందే కొంచెం అటూ ఇటూ కదిపి చూడాలి. ఊగితే అది దాని బిట్టు కాదు.

సుత్తితో కొడితే తిరిగే డ్రైవర్‌కు ఆ బిట్టు బిగించి ఒక్కోదాన్ని కొట్టాడు. ఎనిమిదీ టక్కుమని లొంగాయి. నేను పాడుచేసినదాని తలకు రంపం బ్లేడుతో అడ్డంగా గాడి కోసి, చపటా బిట్టుతో, అంటే చదును మొన ఉన్నదానితో, తీశాడు. మూత చెక్కుచెదరలేదు. లోపల స్ప్రింగ్ విరిగి రెండు ముక్కలై ఉంది. ఆయన వెళ్లాక కొత్త స్ప్రింగ్ నేనే తెచ్చి, పుస్తకం బొమ్మ చూస్తూ వేసి, ఆ పాత మరలతోనే మూత బిగించాను.

తర్వాత పుస్తకంలో ఆ పేజీ మళ్లీ చదివాను. జపాన్ మరల మాట అందులో లేదు. కానీ మొదటి వాక్యమే, గాడి అడుగుదాకా శుభ్రం చేసుకోవాలని. ఇంత చిన్న మాట కూడా చెప్పాలా అనుకుని దాటేశాను. షాపాయనకు నంబర్లు నేర్పి వచ్చినదాన్ని.

నా భర్త వచ్చిన రోజు సంచి దించకముందే కిక్ కొట్టాడు. మూడో కిక్కుకు బండి పొగ వదిలి అందుకుంది. కాసేపు విని, ఆపి, మూత దగ్గర కూర్చున్నాడు.

"గీ ఒక్క మర ఎందుకు గిట్లున్నది?"

"గది నా చదువు," అన్నాను.

జగిత్యాల ఆయనకు ఫోన్ చేసి బండి ఇవ్వడం లేదని చెప్పాడు. ఇప్పుడు దారపు ఉండలకు సిరిసిల్ల దాకా నేనే దాని మీద వెళ్తున్నాను.

తన బిట్టు నాకే వదిలేసి వెళ్లిన సిరిసిల్ల అన్నకు, అడిగిన నంబరే వెతికి ఇచ్చిన జగిత్యాల షాపాయనకు, గడువు దాటినా పుస్తకం ఉంచుకోనిచ్చిన గ్రంథాలయం మేడమ్‌కు, మాట మీద నిలబడిన నా భర్తకు నేను రుణపడి ఉన్నాను. మా అత్తకు కూడా. ఈ దసరాకు ఆమె పసుపు గిన్నె పట్టుకుని బండి ముందు చాలాసేపు నిలబడింది. "యాడ వెట్టాల్నే?" అని అడిగింది. ట్యాంకు చూపించాను. అక్కడ ఒక్కటే పెద్ద బొట్టు పెట్టి, మరలన్నింటినీ కొంగుతో తుడిచింది.