వంకర గీత

రెండువేల సంవత్సరం దాటి ఆరేడేళ్లయి ఉంటుంది. బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగానికి పెద్దను నేనే. నా కింద ఎవరూ లేరు కాబట్టి చిన్నను కూడా నేనే. ఎవడో మా ఆసుపత్రి ఈమెయిల్ చిరునామా పెట్టి, నర్సు ఉద్యోగాలున్నాయంటూ దొంగ ఉత్తరాలు పంపడం మొదలుపెట్టాడు. డైరెక్టరుగారు నన్ను పిలిచి, "మన పేరుతో ఇంకొకడు రాయకూడదు, అంతే," అన్నారు. గేటుకు తాళం వేయమన్నంత సులువుగా అన్నారు.

నాలుగు రోజులు చదివి మార్గం కనిపెట్టాను. ఇంటర్నెట్‌లో మా పేరు నమోదై ఉండే డొమైన్ రికార్డులో ఒక వరుస రాయాలి. ఫలానా సర్వర్లు పంపితేనే అది మా ఉత్తరం అని చెప్పే జాబితా అది. దాని చివర ఒక గుర్తు. అలలాంటి వంకర గీత పెడితే, జాబితాలో లేని చోటు నుంచి వచ్చిన ఉత్తరాన్ని అనుమానిస్తూనే తీసుకోండి అని అర్థం. తిన్నని గీత పెడితే మెడపట్టి గెంటేయమని. మా సర్వర్లన్నీ లెక్కకొచ్చాయో లేదో నాకే నమ్మకం లేదు. అందుకే వంకర గీత పెట్టాను.

ఆ రికార్డు బెళ్ళందూరులో డొమైన్లు చూసే ఒకాయన చేతిలో ఉండేది. ఏం మార్చాలన్నా లెటర్‌హెడ్ మీద సంతకం చేసి ఫ్యాక్స్ పంపాలి. మా ప్రింటరు ఆ రోజే మొరాయించింది. చేత్తో రాసి పంపాను. సాయంత్రానికి "అయిపోయినాది అప్పా" అని ఫోన్ చేశాడు. నేను కాలరెగరేసుకుని తిరిగాను.

మా వార్డులో ఒంగోలు నుంచి వచ్చిన నర్సు ఒకామె ఉండేది. మూడేళ్లు పరీక్షలు రాసి రాసి మస్కట్‌లో ఉద్యోగం తెచ్చుకుంది. దేవుడే ఉద్యోగమిచ్చాడని చర్చిలో లేచి సాక్ష్యం కూడా చెప్పేసింది. ఇక ఆమె మా దగ్గర పనిచేసిందని ఆసుపత్రి చిరునామా నుంచి ఒక ఈమెయిల్ వెళ్తే చాలు, వారం గడువు. సర్టిఫికెట్లు చూసే గుమాస్తా బొమ్మసంద్రలోని మా క్లినిక్‌లో కూర్చునేవాడు. మొదటిరోజే పంపాడు. వారం గడిచాక, ఉత్తరం అందలేదని మస్కట్ వాళ్లు ఇంకొకామెను తీసుకున్నారు.

వెతికితే తేలింది. బొమ్మసంద్రకు వేరే సర్వర్ ఉంది, జాబితాలో రాయడం నేను మరిచాను. అయినా వంకర గీత ఉంటే ఉత్తరం చేరాలి కదా! బెళ్ళందూరుకు ఫోన్ చేశాను.

"నీ చెయ్యి వణికినట్టుండాది అప్పా. గీత వంకరగా ఉండాది. నేనే నేరుగా చేసి పెట్టినాను. థ్యాంక్స్ ఏమీ వద్దు, బిడప్పా, వదిలేయ్."

పోనీ, మస్కట్ గెంటేసిన ఉత్తరం మాకు తిరిగి రాలేదా అంటే, వచ్చింది. చేరని దొంగ ఉత్తరాలు మా మీదకే కుప్పలుగా తిరిగొస్తున్నాయని, అలాంటివి చదవకుండా తీసేయమని నోటీసు పెట్టింది నేనే. గుమాస్తా బుద్ధిమంతుడు, తీసేశాడు. దొంగ మాత్రం మా పేరులో ఒక్క అక్షరం మార్చుకుని హాయిగా రాసుకుంటున్నాడు.

ఆమెను కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అందుకే అవసరమైన దానికంటే ఎక్కువే చెప్పాను. ఆమె ఓపిగ్గా విని ఒక్కటే అడిగింది.

"అయితే సార్, నా గురించి వచ్చిన ఉత్తరం తీసుకోవద్దని మస్కట్ వాళ్లకి చెప్పిందెవరండీ?"

"మనమే," అన్నాను.

ఆమె తలూపి డ్యూటీకి వెళ్లిపోయింది.